పదకొండింటి బండి

గేటు గుమాస్తా కిటికీ రెక్క తీసి, కళ్లద్దాలు తుడుచుకుంటూ రోడ్డు వంక చూసింది. ఉదయం ఆరు. సిమెంటు ఫ్యాక్టరీ గోడ పొడవునా అప్పుడే పది లారీలు. అన్నిటికంటే ముందున్న బండికి ఆమె రాసిచ్చిన టైము పదకొండు.

ముప్ఫై ఏళ్లుగా ఇదే తంతు. ముందొచ్చిన బండికి ముందు లోడు. అందుకని తెల్లారకముందే వచ్చి, మధ్యాహ్నం దాకా పడిగాపులు కాసేవారు. రెండేళ్ల కిందట మేనేజరు టైములు పెట్టాడు గానీ వారానికే బెడిసికొట్టాయి. బస్తాలు నింపే గంటనే ఆయన లెక్కేశాడు. నింపాక లారీ షెడ్డులోనే ఉండి టార్పాలిన్ కట్టుకునే ఇరవై నిమిషాలు వదిలేశాడు. పొద్దున్నే పాలు పొంగేలోపు పక్కబట్టలు దులిపి మడత పెట్టేసే గుమాస్తాకు అలాంటివి కంటపడతాయి. ఆమె నెల రోజులు షెడ్డు పక్కన నిలబడే అన్నం తిని, ఆ ఇరవై నిమిషాలనూ పట్టుకుంది. ఇప్పుడు టార్పాలిన్ కట్టడం షెడ్డు బయటే. ఆమె వేసిన టైములకు ఇది మొదటి రోజు. ఆమె ఉద్యోగానికి చివరి రోజు.

“సాయంత్రం ఐదింటికి రోడ్డు మీద ఒక్క బండి కనబడినా రేపట్నుంచి పాత పద్ధతేనమ్మా,” అని మేనేజరు ముందే చెప్పాడు. రేపు వాదించడానికి ఆమె ఉండదు.

ముందు బండి డ్రైవరు, నెరిసిన మీసాలాయన, కిటికీ దగ్గరికొచ్చాడు.

“ఏం తమ్ముడూ, ఐదు గంటల ముందే దిగావు?”

“నీ కాగితాన్ని నమ్ముకుంటే బండి తుప్పు పడుతుందక్కా.”

“ఎదురుగా పార్కింగులో పెట్టి ఓ కునుకు తియ్యి. పదకొండింటికి పిలవకపోతే నన్నడుగు.”

“రేపట్నుంచి నువ్వుండవటగా?”

“ఇవాళ ఉన్నాగా!”

గొణుక్కుంటూనే బండి తీశాడు. వెనకవాళ్లూ తీశారు.

సరిగ్గా పదకొండింటికి ఆమె మైకులో అతని బండి నంబరు చదివింది. అంతలో ఇంకో లారీ హారన్ కొట్టుకుంటూ గేటుకు అడ్డంగా వచ్చి ఆగింది. మేనేజరు బావమరిది దిగాడు.

“బావతో మాట్లాడాను. గేటు తియ్యండి.”

“మీ టైము రెండు. కాగితం మీద సంతకం మీ బావగారిదే, చూసుకోండి.”

పార్కింగులో డ్రైవర్లంతా చూస్తున్నారు. ఆమె గేటు మీటను ముట్టుకోలేదు. చివరికి ఆ లారీ వెనక్కి తగ్గింది. మీసాలాయన లోపలికి పోయాడు. లోడుతో బయటికొస్తూ ఫోనులో ఎవరికో చెబుతున్నాడు: “నీ టైము మూడైతే మూడింటికే రా. అక్క మాటంటే మాటే.”

ఐదింటికి మేనేజరు రోడ్డుకు రెండు వైపులా చూశాడు. ఖాళీ. రిజిస్టరులో “రేపూ ఇవే టైములు” అని రాసి సంతకం చేశాడు. ఆమె తాళాలు ఆయనకిచ్చి, సంచి భుజాన వేసుకుని, ఎప్పటి బస్సే ఎక్కింది.

గోడ వారన, లైనులో నిలబడ్డ డ్రైవర్లు ఏళ్ల తరబడి వండుకు తిన్న మూడు రాళ్ల పొయ్యి మసిబారి ఉంది. అందులో నిన్నటి బూడిద.