మేజర్ వైడ్లిక్ ఆ రోజు ఎక్కడున్నాడు

ఐర్లండ్‌లో ట్రాలీ అనే ఊరి చివర, ముసలివాళ్ళుండే నర్సింగ్ హోమ్‌లో ఆ ఏడాది ఉత్తరాలకు కూడా క్వారంటైన్ ఉండేది. పుట్టినరోజు కార్డయినా, కరెంటు బిల్లయినా రిసెప్షన్ పక్కన నీలం ట్రేలో మూడు రోజులు పడుకుని లేవాల్సిందే. వైరస్ కాగితం మీద ఎంతసేపు బతుకుతుందో పెద్ద పెద్ద డాక్టర్లే తేల్చలేకపోయారు గనక, అందరూ ఆ ట్రేని చూసి పక్కకు తప్పుకుని నడిచేవారు. 2020 అక్టోబరులో మిసెస్ బ్రాంట్ పేరిట వచ్చిన లావుపాటి కవరు ఆ మూడు రోజులూ అక్కడే ఉంది. దాని శిక్ష పూర్తయిందా అని ఆవిడ రోజుకు నాలుగుసార్లు అడిగింది.

అడిగింది లీలారాణిని. రాజోలు నుంచి వచ్చి నాలుగేళ్ళుగా అక్కడ పెద్దవాళ్ళను చూసుకునే కేరర్‌గా పనిచేస్తున్న మనిషి. ఆ హోమ్‌లో డైరెక్టరు నుంచి తోటమాలి దాకా అందరూ మిసెస్ బ్రాంట్‌ను హిల్డ అనే పిలుస్తారు. ఎనభై ఆరేళ్ళ పెద్దావిడను ఉత్త పేరుతో పిలవడానికి మాత్రం లీలారాణికి నోరు రాలేదు. అందుకని ఆ భవనం మొత్తంలో ఆవిడ ఒక్క లీలారాణికే మిసెస్ బ్రాంట్.

మిసెస్ బ్రాంట్ జర్మన్. కిల్లార్నీలో క్రేన్లు చేసే ఫ్యాక్టరీలో భర్తకు ఉద్యోగం వస్తే అరవైల్లో ఈ కెర్రీ జిల్లాకు వచ్చింది. భర్త పోయాడు, చూపు పోయింది, జ్ఞాపకం మాత్రం కత్తిలా ఉంది. కిందపడే ప్రమాదం ఉందని ఆవిడ మంచం దగ్గర పసుపు కాగితం అంటించారు. దాని గురించి చెబితే ఆవిడకు నవ్వు.

"ఎలా పడాలో నాకు ఆరేళ్ళప్పుడే నేర్పాడు మా నాన్న. గడ్డం గుండెకు ఆనించి, ముందుకు దొర్లాలి. ఆయన ఉద్యోగమే పడటం కదా."

నాన్న మేజర్ కొన్రాడ్ వైడ్లిక్. హిట్లర్ సైన్యంలో పారాచ్యూట్ బెటాలియన్‌కు కమాండరు. డబ్లిన్‌లో ఉండే కొడుకు పీటర్ ఏడాదిపాటు రాసి రాసి జర్మన్ సైనిక దఫ్తరం నుంచి తాతగారి సర్వీసు కాగితాలు తెప్పించాడు. అతనికొచ్చిన జర్మన్ భాష హోటల్లో భోజనం చెప్పుకోవడానికి సరిపోతుంది, అంతే. హోమ్‌లో చదివిపెట్టేవాళ్ళకు అదీ రాదు, అందుకని ఇంగ్లీషులోకి మార్పించి పంపాడు. లాక్‌డౌన్‌లో తను రాలేడు. "అమ్మా, నేను చదవలేదు. ముందు నువ్వు వినాలి" అని పైన చీటీ పెట్టాడు.

ఆవిడ వినాల్సింది నిజానికి ఒక్క తారీఖే. 1941 జూన్ మూడు.

ఆ మే నెలలో జర్మన్లు ఆకాశంలోంచి గ్రీసు వాళ్ళ క్రీట్ దీవి మీద దిగారు. జూన్ మూడున, ఒలీవ తోటల మధ్య ఒక పల్లెలో వైడ్లిక్ బెటాలియన్ సైనికులు ఇరవై ముగ్గురు మగవాళ్ళను గోడకు నిలబెట్టి కాల్చారు. అది ఆవిడకు తెలుసు. కానీ దిగిన మొదటి రోజే నాన్న కాలు విరిగిందనీ, జూన్ మూడున ఆయన ఏథెన్సు ఆస్పత్రిలో ఉన్నాడనీ అమ్మ చెప్పింది. ఆవిడ అదే నమ్మింది. పిల్లలకూ అదే చెప్పింది.

అంతటితో ఆగినా బాగుండేది. 1994లో ఆవిడ ఆ పల్లెకే వెళ్ళింది. భర్తను ఆ గోడ దగ్గర పోగొట్టుకున్న ఒక ముసలామె గడపలో నిలబడి, దుబాసీ చేత చెప్పించింది, "మా నాన్న ఆ రోజు ఇక్కడ లేడు" అని. ఆ ముసలామె చాలాసేపు ముఖంలోకి చూసి, లోపలికి పిలిచి, రొట్టె, జున్ను పెట్టింది. ఆమె పోయాక ఆమె కూతురు కల్లియోపి ఏటా క్రిస్మస్‌కు కార్డు రాస్తోంది. ఈసారి కార్డు కాదు, ఉత్తరమే రాసింది. వచ్చే జూన్‌కు ఎనభై ఏళ్ళు, ఆ ఇరవైముగ్గురి పేర్లతో రాయి నిలబెడుతున్నాం, ఊరందరి ముందూ చదవడానికి మీరు నాలుగు మాటలు పంపుతారా అని.

"ఊరంతా వింటుంది లీలా. అమ్మ చెప్పిన మాట మీద ఒకసారి వాళ్ళింట్లో తిన్నాను. రెండోసారి నాకు కాగితం కావాలి."

మధ్యాహ్నం టీ అయ్యాక లీలారాణి కవరు విప్పింది. మాస్కు, దానిమీద ప్లాస్టిక్ తెర. చదువుతుంటే తెర మీద ఆవిరి పట్టేది. అయినా మేజర్ గారి వెంట నడిచింది. 1940లో హాలండ్‌లో ఒక వంతెన దగ్గర దూకాడు, పతకం వచ్చింది. క్రీట్‌లో అందరితోపాటు నడుముకు ఒక్క పిస్తోలుతో దూకాడు. తుపాకులు వేరే పెట్టెల్లో, వేరే పారాచ్యూట్లకు కట్టి పడేసేవాళ్ళట. ఆ పెట్టెల దాకా పాకేలోపే సగం మంది పోయారట. లీలారాణికి పాపం అనిపించింది. హిట్లర్ మనుషులే గానీ, వట్టి చేతులతో ఆకాశంలోంచి పడే కుర్రాళ్ళను తలుచుకుంటే పాపం అనిపించక ఏమవుతుంది.

"మే ఇరవై. కుడి కాలి మడమ విరిగింది. ఇరవై రెండున విమానంలో ఏథెన్సు ఆస్పత్రికి తరలించారు," అని చదివింది.

మిసెస్ బ్రాంట్ ఊపిరి వదిలింది. "చెప్పానా. తర్వాత?"

లీలారాణి కళ్ళు నోటికంటే ఒక లైను ముందుంటాయి. ఆ లైనులో ఇలా ఉంది: మే ముప్పై, సొంత కోరిక మీద డిశ్చార్జి. ముప్పై ఒకటి, కర్రల సాయంతో బెటాలియన్‌లో చేరిక. జూన్ మూడు, పల్లె మీద చర్యకు ఉత్తర్వు, సంతకం వైడ్లిక్. అమలు జరిగినప్పుడు హాజరు.

ఆమె గొంతు ఆగింది. ఎదురుగా ఆ పెద్దావిడ దుప్పటి అంచు రెండు చేతులా పట్టుకుని కూర్చుంది.

"జూన్ పది దాకా ఆస్పత్రిలోనే ఉన్నారు," అంది లీలారాణి. ఆ తర్వాత ఇటలీ, పట్టుబడటం, ఇంగ్లండులో ఖైదీల క్యాంపు, ఉన్నది ఉన్నట్టు చదివేసింది.

ఇంటికొచ్చినా మనసు మనసులో లేదు. తను పనిచేసే హోటల్ మూతపడి ఇంట్లోనే ఉంటున్న భర్త యెషయా పప్పులో పోపు పెడుతూ అడిగాడు.

"ఏంటే అలా ఉన్నావు? డ్యూటీలో ఏమన్నా అయ్యిందా?"

"మిసెస్ బ్రాంట్‌కి అబద్ధం చెప్పేనండి," అని జరిగింది చెప్పింది.

"మంచి పనే చేసేవు. ఈ వయసులో అది తెలిసి ఆవిడికి ఏం ఒరుగుద్ది చెప్పు. వదిలెయ్, ఆవిడికేం కాదు, షి విల్ బి గ్రాండ్."

"మా అక్క సంగతిలో కూడా ఇలాగే అనుకున్నారు కదండీ మీరంతా."

యెషయా గరిటె పక్కన పెట్టాడు. ఆగస్టులో లీలారాణి అక్క దేవకుమారి కాకినాడ ఆస్పత్రిలో కోవిడ్‌తో పోయింది. తమ్ముడు గిడియన్ ఫోన్‌లో "ఆక్సిజన్ పెట్టారు, తగ్గుతుంది" అంటూ వచ్చాడు. నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ ఆమె మోకాళ్ళ మీద నిలబడి, భూస్థాపన అయిపోయిన మనిషి ఊపిరి కోసం ప్రార్థన చేసింది. అక్క పోయిన సంగతి యెషయాకు ముందే తెలుసు. మనవాళ్ళకిది అలవాటే. పెద్ద కబురును ముక్కలు చేసి, చక్కెరలో ముంచి, రోజుకొకటి చొప్పున నోట్లో పెడతారు. దానికి ప్రేమ అని పేరు. లీలారాణి దానికి ఇంకా ఏ పేరూ పెట్టలేదు గానీ, గిడియన్ ఫోన్ ఇప్పటికీ ఎత్తడం లేదు.

"నువ్వు తట్టుకోలేవని కదే," అన్నాడు యెషయా నెమ్మదిగా.

"తట్టుకునేదాన్నో లేదో నేను చూసుకునేదాన్ని కదండీ."

మర్నాడు మిసెస్ బ్రాంట్ తల దువ్వించుకుని సిద్ధంగా కూర్చుంది. ముఖంలో పదేళ్ళు తగ్గాయి. "కల్లియోపికి రాద్దాం. నేను చెబుతాను, నువ్వు రాయి," అంది.

లీలారాణి రాసింది. ప్రియమైన కల్లియోపి, నా దగ్గరిప్పుడు సర్కారు కాగితం ఉంది. ఆ గోడ దగ్గర జరిగినదానికి నా దేశం తరఫున సిగ్గుపడుతున్నాను. కానీ మీ అమ్మకు నేను చెప్పిన మాట నిజం. మా నాన్న...

అక్కడ చెయ్యి కదల్లేదు. నిన్న నోటితో అన్నది గాలికి పోయిందనుకుంది. ఇది తన చేతిరాత, పైగా ఒక ఊరంతా నిలబడి వినబోతోంది. ఆ ఊళ్ళో మనిషిని పోగొట్టుకున్న ఇళ్ళు ఇరవైమూడున్నాయి.

"రాశావా?" అంది మిసెస్ బ్రాంట్.

"లేదు. మిసెస్ బ్రాంట్, నిన్న ఒక చోట నేను మార్చి చదివాను. మీకు కష్టంగా ఉంటుందని."

లీలారాణి మంచం పక్కనుంచి కదల్లేదు.

"ఉన్నది చదువు," అంది ఆవిడ.

చదివింది. డిశ్చార్జి, కర్రలు, ఉత్తర్వు, సంతకం, హాజరు. ఒక్క మాట తగ్గించలేదు.

"మళ్ళీ."

మళ్ళీ చదివింది.

"కర్రలతో వచ్చాడన్నమాట," అంది మిసెస్ బ్రాంట్. "మంచం మీద ఉండొచ్చు. ఎవరూ రమ్మనలేదు. తనే అడిగి వచ్చాడు." చూపులేని కళ్ళు కిటికీ వైపు తిప్పింది. "నిన్న ఆ చోట నీ గొంతు ఆగింది. మాస్కు వల్ల అనుకున్నాను. అలా అనుకోవడమే నాకు కావాలి కాబట్టి అనుకున్నాను. మా అమ్మ గొంతు కూడా అక్కడే ఆగేది."

"క్షమించండి. మా వైపు చెడ్డ కబురు నేరుగా చెప్పరు. నాకూ అలాగే చేశారు, మా అక్క పోయినప్పుడు."

"వాళ్ళకు థాంక్స్ చెప్పావా?"

"లేదు."

"నేనూ చెప్పను. రేపటినుంచి నీ బదులు నాకు ఆ కేరర్ రోజీ చదువుతుంది. నువ్వు మంచిదానివే లీలా. కానీ నీ గొంతు విన్నప్పుడల్లా ఏ లైను వదిలేశావో అని వెతుక్కుంటాను. ఈ ఉత్తరం మాత్రం నువ్వే రాయాలి. వేరే కాగితం తీసుకో."

లీలారాణికి మనసు చివుక్కుమంది. అయినా ఇందులో అన్యాయం ఎక్కడా కనబడలేదు. వేరే కాగితం తీసుకుంది.

ఈసారి ఆవిడ ఎక్కడా ఆగకుండా చెప్పింది. మా నాన్న ఆ రోజు మీ ఊళ్ళో ఉన్నాడు. ఉత్తర్వు ఆయనదే. మీ అమ్మ నన్ను నమ్మి లోపలికి పిలిచింది. నేను చెప్పింది అబద్ధమని నాకు నిన్నటిదాకా తెలియదు, తెలుసుకోవడానికి గట్టిగా ప్రయత్నించనూ లేదు. ఇది చదవడం ఇష్టం లేకపోతే చదవకండి. చదివితే మొత్తం చదవండి.

"సంతకం ఎక్కడ పెట్టాలో చూపించు."

లీలారాణి ఆవిడ వేలు పట్టుకుని కాగితం అడుగున ఆనించి, పెన్ను చేతికిచ్చింది. ఆవిడ ఒక్కొక్క అక్షరమే మెల్లగా రాసింది.

"మిసెస్ బ్రాంట్, మీరు వేరే పేరు రాశారు," అంది లీలారాణి.

"తెలుసు. బ్రాంట్ అంటే ఆ ఊళ్ళో ఎవరూ ఎరగరు," అంది ఆవిడ. "వైడ్లిక్ అంటేనే వాళ్ళకు తెలుస్తుంది."