ముందు నువ్వు తిను

"ముందు నువ్వు తిను," అన్నాడు గోవిందరావు, కంచం భార్య వైపు జరిపి.

పెళ్లయిన రెండేళ్లలో హైమవతి ఆ మాట ఎవరి నోటా వినలేదు. నిమ్‌పురా రైల్వే క్వార్టర్లో అత్తగారూ మరిదీ మొగుడూ తిన్నాక గిన్నెలో మిగిలిందే ఆమె భోజనం. అందుకే సిగ్గుపడుతూ ఒక ముద్ద తిన్నది. ఆ పూటంతా ఒంటరిగా నవ్వుకుంది కూడా. నాలుగు రోజులు వరసగా అలాగే అన్నాక గమనించింది. ఆయన కళ్లు తన గొంతు మీదే ఉంటున్నాయి. మింగి, తనకేమీ కాలేదని తేలాకే అన్నం ముట్టుకుంటున్నాడు.

ఆ తర్వాత మిగతావీ కనబడ్డాయి. నిద్ర పోవడం లేదు. స్నానం మానేశాడు. గోడవైపు తిరిగి ఎవరికో జవాబులు చెబుతున్నాడు. ఒక మధ్యాహ్నం వర్క్‌షాపులో తోటి పనివాడు సూసన్న ఆయన్ని సైకిలు మీద ఇంటికి తెచ్చాడు. మిషను తనను తిడుతోందని పని ఆపేశాడట. "దిష్టి తీసి ఊరుకోకు సెల్లెమ్మా. ఇది జబ్బు. ఆస్పత్రికి తీసికెల్లు," అన్నాడు.

అత్త చిట్టెమ్మ ససేమిరా అంది. నలుగురికీ తెలిస్తే చిన్నోడికి పిల్లనెవరిస్తారంది. కోడలు ఏం కలుపుతోందో, కొడుకు అన్నం ముట్టడం లేదని పక్కింట్లో చెప్పింది. ఆ మాట పెరట్లో అంట్లు తోముతున్న హైమవతి చెవిన పడింది. మర్నాడు పొద్దున్నే సూసన్నను సాయం పిలిచి, మొగుణ్ని రైల్వే ఆస్పత్రికి తీసుకెళ్లింది. అత్త వెనకాలే వచ్చింది.

డాక్టరు అన్నీ విని, ఈ జబ్బు రావడం ఇదే మొదటిసారా అని అడిగాడు. హైమవతి అవునంది.

గోవిందరావు తలెత్తాడు. "కాదు. పెళ్లికి ముందొకసారొచ్చింది. రాంచీ ఆస్పత్రిలో ఆర్నెల్లున్నాను. ఈవిడికి సెప్పమన్నాను. మా అమ్మ ఒద్దంది."



గోవిందరావును వార్డులో చేర్చుకుని మందులు మొదలుపెట్టారు. హైమవతి రాసిన ఉత్తరం అందగానే ఆమె తండ్రి జగ్గారావు బొబ్బిలి నుంచి రైలెక్కి వచ్చాడు. వార్డు బయట బల్ల మీద కూర్చోబెట్టి ఆమె జరిగిందంతా చెప్పింది. రాంచీ మాట వచ్చినప్పుడు ఆయన మొహంలో ఆశ్చర్యం లేదు.

"నీకు ముందే తెలుసా నాన్నా?"

ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. "తగ్గిపోనాదన్నారమ్మా. రైలు ఉద్యోగం కదా అని ఒప్పుకున్నాను. పోనీలే, నాతో వచ్చీ. మనింటికెలిపోదాం."

రెండేళ్లుగా ఈ ఇంట్లో ఏ మాట పడ్డా, మా నాన్నకు తెలిస్తే ఊరుకోడు అనుకుంటూనే దిగమింగింది. ఏడుపు రాలేదు. లేచి నిలబడింది.

"ఉండాలో పోవాలో ఈయన నెమ్మదించినాక ఈయనతోనే మాటాడి తేల్సుకుంటాను. నువ్వెల్లు. మతి సెడినప్పుడు కూడా ఈయన నాకు నిజం సెప్పినాడు. నీకు మతి బాగానే ఉంది కద, నాన్నా."