నలుగురిలో అడిగిన పళ్ళెం

విమానం చప్పుడు వినపడగానే రోసియా చేతిలోని చేప జారి ఇసుకలో పడింది. శుక్రవారం రావలసిన విమానం బుధవారమే వచ్చిందంటే అందులోంచి దిగేది బియ్యం బస్తాలు కాదు. లైసెన్సు లేని ఇంటర్నెట్టు పళ్ళేలు ఎవరి దగ్గరున్నా రాజధాని తారావా నుంచి మనిషి వచ్చి పట్టుకుపోతాడని రేడియోలో చెబుతూనే ఉన్నారు.

ఆమె ఇంట్లో ఉన్న పళ్ళెం తమ్ముడు ఓడ పని నుంచి వస్తూ తెచ్చాడు. తెల్లగా, పలచగా ఉంటుంది. గుంజకు కట్టి ఆకాశం కేసి పెడితే చాలు, ఇంటర్నెట్టు వచ్చేస్తుంది. వాళ్ళుండే బేరు దీవిలో కంపెనీ టవరు నిరుటి గాలివానకు మూగబోయింది. బాగుచేసేవాడు లేడు, ఎందుకు చేయలేదని వాళ్ళను అడిగేవాడూ లేడు. సొంతంగా ఒక పళ్ళెం పెట్టుకుంటే మాత్రం అందరికీ చట్టం గుర్తొస్తుంది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు.

మామూలు రోజుల్లో అయితే రోసియా దాన్ని తీసి వచ్చినవాడి మొహాన పడేసేదే. కానీ రేపు సముద్రం అవతల సువా ఆసుపత్రిలో ఆమె కూతురు అకెనేటెకు ఆపరేషను. తొమ్మిదేళ్ళ పిల్లకు కడుపులో గడ్డ. తోడుగా ఒక్కరికే టిక్కెట్టు ఇస్తామన్నారు, తండ్రి టెకాయి వెళ్ళాడు. విమానం ఎక్కేముందు పిల్ల ఒకటే షరతు పెట్టింది. మత్తు ఇచ్చేముందు అమ్మ మొహం కనపడాలి, కళ్ళు తెరవగానే మళ్ళీ అమ్మ మొహమే కనపడాలి. రోసియా సరేనంది. మాట ఇచ్చినప్పుడు పళ్ళెం గుంజ మీద భద్రంగా ఉంది.

ఇప్పుడు దాన్ని గబగబా విప్పి చంకన పెట్టుకుని ఇంట్లోకి పరిగెత్తింది.

"అత్తయ్యా, ఎక్కడ దాచను దీన్ని?"

"ఇలా తే" అంది అత్తగారు. దాన్ని నేల మీద పెట్టించి, పైన చాప పరిపించుకుని, దాని మీద చతికిలబడింది. "నన్ను లెగమనే మొగాడు ఈ దీవిలో ఇంకా పుట్టలేదులే."

కాసేపటికి ఆఫీసరు వచ్చాడు. పేరు బౌరో. ముప్పై దాటాయో లేదో, మెడలో కార్డు, ఒళ్ళంతా చెమట. వాళ్ళ అమ్మది ఈ ఊరే. అందుకే వాడిని పంపించారు, అందుకే వాడి మొహం వాడిపోయి ఉంది.

"అక్కా, పళ్ళెం ఎక్కడుంది?"

"ఏ పళ్ళెం తమ్ముడూ? అన్నం తినేదా?"

"నవ్వులాట కాదక్కా. గుంజ కనపడతంది, వైరు కనపడతంది."

"బట్టలారేసుకుంటాం."

బౌరో చూపు ఇల్లంతా తిరిగి చాప దగ్గర ఆగింది. ముసలామె కళ్ళెర్రజేసింది. "ఏంట్రా చూస్తన్నావు? మీ అమ్మ నా ఒళ్ళో పెరిగింది. దాని కొడుకువి, నువ్వు నన్ను లెమ్మంటావా?"

వాడు నేల చూపులు చూస్తూ వెళ్ళిపోయాడు. రోసియా మాత్రం పళ్ళేన్ని చాప కిందే ఉంచింది. విమానం మధ్యాహ్నం దాకా ఉంటుంది. అది ఎగిరేదాకా ఏదీ నమ్మడానికి లేదు.

వచ్చినవాడు శత్రువైనా సరే, అన్నం పెట్టకుండా పంపితే ఊరికి పరువు తక్కువ. మనేబాలో, ఊరంతా కూడే ఆ పెద్ద సావిడిలో, విందు పరిచారు. వేయించిన చేప, కొబ్బరిపాలు పోసిన చేమదుంప, పనసలాంటి రొట్టెకాయ. ఎవరి వంశం ఎక్కడ కూర్చోవాలో తాతల నాడే తేల్చి పెట్టారు. బౌరోని వాళ్ళ అమ్మ చోట కూర్చోబెట్టారు. ఆ వరసలోనే రోసియా వాళ్ళూ కూర్చుంటారు. కూర్చోగానే వాడు ఆఫీసరు కాకుండా పోయాడు, అయినవాడయ్యాడు. ఆ సంగతి వాడికే ముందు తట్టింది.

చేప ముట్టకుండానే వాడు గొంతు సవరించుకున్నాడు.

"రోసియా అక్కా, నేను నిన్ను బుబుసి చేస్తన్నాను. ఆ పళ్ళెం నాకివ్వు."

మనేబాలో అందరి తలలూ రోసియా వైపు తిరిగాయి. అయినవాడు నలుగురిలో బుబుసి చేసి అడిగితే పడవైనా, పందయినా, కట్టుకున్న బట్టయినా ఇచ్చి తీరాలి. లేదన్నవాడు ఆ తర్వాత తలెత్తుకుని తిరగలేడు, వాడి పిల్లలూ తిరగలేరు.

 వీడి నోరు పడిపోను అనుకుంది రోసియా. అత్తగారి వైపు చూసింది. ఎవరూ లేపలేని ఆ ముసలామె తనే లేచి ఇంటికి వెళ్ళి, పళ్ళెం తెచ్చి కోడలి ఒళ్ళో పెట్టింది. రోసియా దాన్ని బౌరో చేతుల్లో పెట్టింది.

వాడు ఊపిరి పీల్చుకుని సంచిలోంచి రసీదు తీశాడు. "ఎవరి దగ్గర పట్టుకున్నానో రాయాలి."

"పట్టుకోడమేంట్రా?" అన్నాడు పెద్దాయన టెబౌ. "అడిగి పుచ్చుకున్నావు. అడిగి పుచ్చుకున్నది అడిగినోడిదే. లైసెన్సు లేని పళ్ళెం బౌరో దగ్గరుందని రాసుకో."

మనేబా గొల్లున నవ్వింది. కార్డు వేసుకున్నవాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ తెలిసిన సంగతే అయినా, భయంలో ఆ ఒక్కటీ మరిచిపోయాడు.

రోసియా నవ్వలేదు.

"తమ్ముడూ, ఇప్పుడు నేను నిన్ను బుబుసి చేస్తన్నాను. పళ్ళెం అడగను. అది నీదే. నిన్నే అడుగుతున్నాను. నా పిల్ల కళ్ళు తెరిచేదాకా నీ పళ్ళేన్ని తీసుకుని మా ఇంట్లో ఉండు."

"ఉజ్జోగం పోద్దక్కా" అన్నాడు వాడు మెల్లగా. "ముగ్గురు పిల్లలు."

"ఊఁ" అంది రోసియా. చేపను వాడి ముందుకు జరిపింది.

విమానం వాడు లేకుండానే ఎగిరిపోయింది.

మర్నాడు ఉదయం బౌరోనే పళ్ళేన్ని గుంజకు కట్టాడు. ఫోను తెర మీద అకెనేటె కనపడింది, తలకు ఆకుపచ్చ టోపీ. "అమ్మా, భయమేస్తంది" అంది. "నేనిక్కడే ఉన్నాగా, చూడు" అంది రోసియా. ఎవరివో చేతులు మంచాన్ని తోసుకుపోయాయి, తెర మీద ఖాళీ గోడ మిగిలింది.

ఇక ఎదురుచూపులు. రోసియా ముద్ద ముట్టలేదు. బౌరో పరిస్థితి ఇంకా అధ్వాన్నం. వాడి ఫోనుకు ఆఫీసు మెసేజీలు ఆ పళ్ళెంలోంచే టపటపా వచ్చి పడుతున్నాయి. ఎక్కడున్నావు, ఎందుకు రాలేదు, పళ్ళెం దొరికిందా? జవాబిస్తే ఏ పళ్ళెంలోంచి ఇచ్చాడో తెలిసిపోతుంది. ఇవ్వకపోతే పారిపోయాడనుకుంటారు. వాడు ఫోను బోర్లించడం, మళ్ళీ తిప్పి చూడడం, ఇదే పని.

మధ్యాహ్నానికి గాలి లేచింది, వెంటనే వాన. గుంజ ఊగిపోతోంది. వాడు చొక్కా విప్పి పడేసి ముంగిట్లోకి పరిగెత్తి, గుంజను రెండు చేతులా వాటేసుకుని నిలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే తెర మీద టెకాయి మొహం వచ్చి బిగుసుకుపోయింది. నోరు తెరిచి ఉంది. ఏడుస్తున్నాడో, నవ్వుతున్నాడో తెలియలేదు. 

"బౌరో! కదపకురా! నీకు దణ్ణం పెడతాను, కదపకు!"

తెర మినుకుమంది. "...లేచింది. రోసియా, వినపడతందా? లేచింది."

ఆమె ఏడుపు ఆపుకోలేకపోయింది. తెర మీద పిల్ల మొహం పాలిపోయి ఉంది, కళ్ళు సగమే తెరుచుకున్నాయి.

"అమ్మా... ఎవరి మీద అరుస్తున్నావు?"

"బౌరో మావయ్య మీదమ్మా. ఈ పళ్ళెం ఇప్పుడు మావయ్యదే. వాన్లో పట్టుకుని నిలబడ్డాడు."

"రేపుంటదా?"

రోసియా ముంగిట్లోకి తల తిప్పింది. పిల్ల మత్తులోనే పెదాలు తడుపుకుంది.

"మావయ్యా, నిన్ను బుబుసి చేస్తన్నాను. నేనింటికొచ్చేదాకా అది అక్కడే ఉంచు."

గోడల్లేని ఇల్లు, ముంగిట్లోకి ప్రతి మాటా వినపడుతుంది. గుంజను వాటేసుకున్నవాడు మొహం మీది వాన తుడుచుకోడానికైనా చేతులు తీయలేదు. బౌరో గొంతు సన్నగా పలికింది.

"సరేనమ్మా. ఉంచుతాలే."

రోసియా కళ్ళు తుడుచుకుని అటు చూసింది. వాడి పిల్లలు ముగ్గురన్న మాట అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు. వాళ్ళ పేర్లయినా తను అడగలేదు.