ఏనుగు చెవి

టీ వడకట్టే జాలీ కనబడలేదు. ఆ పొద్దుటి గొడవంతా దాని గురించే.

"నేనేమన్నా మేకనా, ఈ పొడి నములుతూ కూర్చోడానికి?" అన్నాడు భర్త, నాలుక మీది టీపొడిని వేలితో తీసుకుంటూ.

"మేకైతే నోరు మూసుకుని నమిలేది," అంది ఆమె. "జాలీ కడిగి ఇక్కడే బోర్లించాను."

"మరి కాళ్ళొచ్చి నడిచి వెళ్ళిందా?"

"మీ కళ్ళజోడు రోజూ ఇల్లంతా ఊరేగడం లేదూ? దాని వెనకే వెళ్ళుంటుంది."

కిటికీ పక్కన కూర్చున్న అత్తగారు ఈ రభసకి తల కూడా తిప్పలేదు. పొడి అడుగుకి దిగేదాకా గ్లాసు కదపకుండా పట్టుకుని, పైపైన తాగుతోంది. ఆవిడకి చెవుడు. మిషన్ పెట్టుకుంటేనే మాట వినబడుతుంది. జుట్టు చెవుల మీదికి దువ్వుకుంటుంది కనక అది ఎప్పుడు ఉందో, ఎప్పుడు లేదో తెలియదు. అందుకని ఇంట్లో ఒక పద్ధతి ఏర్పడిపోయింది. పిలిస్తే పలికిందా, మిషన్ ఉన్నట్టు. పలకలేదా, లేనట్టు. లేదని తేలాక ఆవిడ ముందే ఏ విషయమైనా మాట్లాడుకోవచ్చు.

ఆదివారం సంగతి కూడా అలా మాట్లాడుకున్నదే. ఆ రోజు ఆడపడుచు భర్త కారు తెచ్చి అత్తగారిని తమ ఇంటికి తీసుకెళ్తాడు. ఆవిడతో మాత్రం 'కొన్నాళ్ళకే' అని చెప్పాలి. నిజానికి ఇక అక్కడే. ఇక్కడి గది చిటికెది అవుతుంది. రెండో తరగతి చదివే కూతురికి ఆ పేరు పెట్టింది వాళ్ళ నాన్న. పని చెబితే చిటికెలో మాయమవుతుందని. గది ఆలోచన మాత్రం అమ్మది. బల్ల ఎటు వెయ్యాలో, కర్టెన్ ఏ రంగుదో కూడా అనుకుని ఉంచింది. అత్తగారికి చెప్పే పని మాత్రం భర్త మీదికి తోసింది. అతను రోజూ రేపంటున్నాడు.

"ఇవాళ భోజనాల దగ్గర చెప్పేస్తాలే," అన్నాడు చెప్పులు వేసుకుంటూ. "అమ్మా!" అని పిలిచి చూశాడు. పలకలేదు. "మిషన్ లేదు. రాత్రికి పెట్టుకోమను."

మధ్యాహ్నం ఆమె బడికి వెళ్ళింది. పిల్లల చేత పాత సామాన్లతో ఏనుగును చేయిస్తున్నామనీ, కత్తెర, జిగురు పనికి తల్లులు సాయం రావాలనీ టీచరు కబురు పెట్టింది. ఇంట్లో పనికిరానివి తెండి, అడిగి తెండి అని పిల్లలకి చెప్పారట.

బెంచీలన్నీ గోడకి నెట్టేసి ఉన్నాయి. మధ్యలో నిలబడి ఉంది ఏనుగు. ఒళ్ళు నీళ్ళ డ్రమ్ము, కాళ్ళు నూనె డబ్బాలు, తొండం వాషింగ్ మెషిన్ గొట్టం, గోళ్ళు సీసా మూతలు, చెవులు కార్లో కాళ్ళ కింద వేసే రబ్బరు పట్టాలు. ఒక కన్ను కోటు బొత్తాం. రెండో కన్ను టీ జాలీ.

'ఓసి నీ దుంప తెగ!' అనుకుంది. కోపం రావలసింది, నవ్వొచ్చింది.

పిల్లలు ఏనుగు పక్కన వరస కట్టారు. ఒక్కొక్కరే వెళ్ళి రబ్బరు పట్టా ఎత్తి ఏదో గుసగుసలాడి వస్తున్నారు.

"దానికి వినబడుతుంది ఆంటీ," అంది ముందుపళ్ళు ఊడిన ఒక పిల్ల. "లోపల నిజం చెవి ఉంది."

ఆమె పట్టా ఎత్తింది. జిగురు ముద్దలో సగం మునిగి ఉంది అత్తగారి చెవి మిషన్.

"ఎవరు తెచ్చారిది?"

హాజరు పలికినట్టు చెయ్యెత్తింది చిటికె.

"నాన్నమ్మ చెవి ఎత్తుకొచ్చావా? దొంగతనం ఎప్పుడు నేర్చావే?" కూతురి రెక్క పట్టుకుంది.

"దొంగతనం కాదు! అడిగే తెచ్చా. నాన్నమ్మే తీసి ఇచ్చింది."

"జాలీ కూడా అడిగే తెచ్చావా?"

చిటికె ముక్కు ఎగబీల్చింది. "జాలీ అడగలేదు."

ఆమె గోటితో మిషన్ని పెకలించబోయింది. జిగురు ఆరి రాయయిపోయింది. "ఆగండి, మెల్లగా..." అని టీచరు అంటూండగానే పటుక్కున రెండు ముక్కలైంది.

పిల్లలు గొల్లుమన్నారు. "ఏనుక్కి చెవుడొచ్చేసింది!"

"ఎందుకిచ్చిందే నాన్నమ్మ?" ముక్కలు గుప్పిట్లో పెట్టుకుంటూ అడిగింది ఆమె.

"అందులోంచి మంచిమాట ఒక్కటీ రావట్లేదంట. ఏనుక్కైనా వస్తుందేమో పెట్టి చూడమంది. ఆదివారం మామయ్య కార్లో పంపించేస్తున్నారుగా, అదంతా వినేసిందంట. నా గదికి పచ్చ కర్టెనంట కదమ్మా?"

టీచరు గభాలున మొహం తిప్పుకుని మూతలు ఏరడం మొదలుపెట్టింది.

ఆమె కర్టెన్ రంగు వంటింట్లో భర్తతో తప్ప ఎవరితోనూ అనలేదు. అప్పుడు గుమ్మం దగ్గర అత్తగారు దుప్పట్లు మడతపెడుతోంది. అనే ముందు "అత్తయ్యా" అని తను పిలిచింది కూడా. ఆవిడ పలకలేదు. పలక్కపోతే వినబడనట్టని ఇన్నాళ్ళూ నమ్మింది ఎవరు? ఇంకా ఏమేం విందో! ఒక్కో మాటా గుర్తొస్తూంటే చెవులు కాలిపోయాయి.

ఇంటికొచ్చి రెండు ముక్కలూ అత్తగారి ముందు పెట్టింది. ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి, వేరుశెనగ తొక్కల్లా చెత్తబుట్టలో పడేసి, కూరలు తరగడానికి కూర్చుంది.

రాత్రి అందరి కంచాల్లోకీ అన్నం వచ్చాక భర్త గొంతు సవరించుకున్నాడు. వద్దని ఆమె కళ్ళతో చెప్పింది. ఆ కళ్ళ భాష అతనికి పెళ్ళయిన కొత్తల్లోనూ రాలేదు.

"అమ్మా! ఆదివారం..." అని అరిచాడు.

అత్తగారు జుట్టు తొలగించి బోసి చెవి చూపించింది.

"మిషనేదే?" అని భార్యని అడిగాడు.

"ఏనుక్కిచ్చేశారు," అంది ఆమె. "మీ అమ్మకి అంతా తెలుసు. మొదట్నుంచీ."

అతను ముద్ద కంచంలో పెట్టేసి తల్లి వైపు తిరిగాడు.

అత్తగారు ఇద్దరి పెదవులూ చూసింది. మనవరాలి కంచంలో కూర వేసి, తనూ వేసుకుని, గట్టిగా, నిదానంగా అంది.

"నాకు చెప్పని మాట విన్నాను. ఇప్పుడు చెబుదామన్నా నాకు చెవి లేదు. అందుకని నేనే చెబుతున్నా. ఆదివారం అల్లుడొస్తాడు, కడుపునిండా తింటాడు, ఒక్కడే వెళ్తాడు. చిటికె నా గదిలో నాతోనే ఉంటుంది. నేను గురక పెడతానట, అదీ విన్నాను. పెడితే పెడతాను, నాకెలాగూ వినబడదు."