పచ్చి వాసన

కత్తి కింద ఆకుకూర తెగుతుంటే భర్త వంటింటి గుమ్మంలో ఆగి గుండెల నిండా గాలి పీల్చాడు. "అబ్బ, ఈ పచ్చి వాసన ఎంత హాయిగా ఉంటుందో."

ఆమె తలెత్తలేదు. ఆ వాసన మీదే ఆమె పరిశోధన. ఆకు తెగిన మరుక్షణం దానిలోని కొవ్వు ఆమ్లాలు ఆక్సిజన్‌ను అందుకుని హైడ్రోపెరాక్సైడ్లనే పదార్థాలవుతాయి. వాటిని ఒక ఎంజైము పట్టుకుంటే రెండుగా విరిగి, ఒక ముక్క వాసనై గాలిలో కలిసిపోతుంది. ఇంకో ఎంజైము పట్టుకుంటే అదే పదార్థం మెలికలు తిరిగి తిరిగి, తిన్న పురుగుకు ఆకు అరగకుండా చేసే హార్మోను అవుతుంది. గాయం మాత్రం ఒకటే.

రేపు పక్క నగరంలో సదస్సులో ఈ సంగతి తొలిసారి ఆమే చెప్పాలి. సాయంత్రమే రైలు. తీరా ఇప్పుడు ఆడపడుచు కుటుంబం వస్తోందట.

"నీ బదులు మీ జూనియర్ మాట్లాడతాడులే. ఎవరు చెబితే ఏముంది, ఎవరు కోస్తే ఏముంది, ఆకు ఆకేగా," అన్నాడు భర్త.

ఆకేగా! జూనియర్ పురుగు కొరికిన ఆకు కోసి, ట్రేలో వేసుకుని, కబుర్లాడుతూ గది దాటి, అప్పుడు గడ్డకట్టిస్తాడు. ఈలోగా మారాల్సిందంతా మారిపోతుంది. అతను కొలిచేది పురుగు కాటు కాదు, తన కత్తెర కాటు. ఆమె అయితే కొమ్మ మీదుండగానే ఆకును క్షణంలో గడ్డకట్టించే ద్రవ నైట్రోజన్‌లో ముంచి, తర్వాతే తుంచుతుంది. మొన్న ఆ మాటంటే ల్యాబ్ పెద్దాయన నవ్వాడు. "అందుకేనమ్మా కోత పని నీకు, మాటల పని వాడికి. కూరలు తరిగిన చెయ్యి కదా నీది." అందరితోపాటు ఆమె కూడా నవ్వింది.

"ఈసారికి ఆగితే కొంపలేం మునగవమ్మా," అంది అత్తగారు హాల్లోంచి.

అమ్మకి బాగాలేదని కబురొచ్చిన రోజూ అత్తగారిదే ఆ మాట. ఇంట్లో ఉన్న చుట్టాలకి వడ్డించి వెళ్ళమంది. వడ్డించింది. గిన్నెలూ కడిగింది. వెళ్ళేసరికి అమ్మ చెయ్యి చల్లబడిపోయింది. "నీ కోసమే చూసిందే," అంది పిన్ని. ఆనాటి కోపం ఎవరికీ తగల్లేదు. ఓర్పు గల కోడలన్న మంచి పేరై ఇల్లంతా పరిమళించింది.

ఆమె చేతులు కడుక్కుని, కత్తి పిడి భర్త వైపు తిప్పి పెట్టింది.

"నాకు రైలు టైమైంది. మిగతాది మీరు తరగండి."

"నేనా? నాకేం వచ్చని?"

"ఎవరు కోస్తే ఏముందండీ," అంది ఆమె, సంచి భుజాన వేసుకుని. "ఆకు ఆకేగా."