మాట పడినవాడు

టోకు కూరగాయల మార్కెట్లో వేలం పాడే మనిషిని అందరూ మైకు అనేవారు. నిజమైన మైకును అతను ఏనాడూ పట్టుకోలేదు. ఆ గొంతుకు దాని అవసరం పడలేదు. ఖాళీ పెట్టె మీద నిలబడి ధర ఎత్తుకున్నాడంటే అవతలి గేటు దగ్గర లారీ దించుకుంటున్నవాళ్లు కూడా తలెత్తి చూసేవారు. మార్కెట్లో అమ్ముడుపోని మాటలన్నీ సాయంత్రానికి ఇంటికి మోసుకొస్తాడని అతని భార్య నవ్వుతూ విసుక్కునేది.

అతనికి చాలాకాలంగా బీపీ ఉంది. మార్కెట్ వెనక వీధిలో రెండు గదుల క్లినిక్ నడిపే డాక్టరమ్మే ఇంటిల్లిపాదికీ వైద్యం చేసేది. ఆవిడ రాసిన మాత్ర ఒకటి రోజూ పొద్దున వేసుకుంటే చాలు, బీపీ చెప్పినమాట వినే పిల్లిలా పడి ఉండేది. ఆ మాత్రను టీ గ్లాసు పక్కన పెట్టడం భార్య పని.

డాక్టరమ్మకు చదువు చెప్పిన ప్రొఫెసరుగారు ఫోన్ చేసింది ఆ రోజుల్లోనే. బీపీకి కొత్త మందొకటి వస్తోందని, దాన్ని మనుషుల మీద పరీక్షించి చూడాలని, అందుకు చిన్న క్లినిక్కుల పేషెంట్లు కావాలని చెప్పారు. ‘నీ దగ్గరికొచ్చేవాళ్లకి నీ మీద గురి ఉందమ్మా. మనకి కావలసింది అదే’ అన్నారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు ఇన్నేళ్లూ ఏ సభలోనూ ఆవిడ పేరెత్తినవాళ్లు లేరు. ఆవిడతో చదివినవాళ్ల పేర్లు పత్రికల్లో అచ్చవుతుంటే, ఆవిడకు జలుబులూ దగ్గులూ చూస్తూనే తల నెరిసిపోయింది. గురువుగారు పేరుపెట్టి పిలిచేసరికి కాదనలేకపోయింది. కాదనాలని అనిపించనూ లేదు.

పరీక్ష పద్ధతి ఇదీ. ముందు పాత మాత్ర మాన్పించాలి. కొన్నాళ్లు ఆగి సగంమందికి కొత్త మందు, సగంమందికి అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి మాత్ర ఇవ్వాలి. ఎవరికి ఏది వెళ్లిందో ఇచ్చే డాక్టరుకూ తెలియదు, మింగే మనిషికీ తెలియదు. బీపీ ఒక హద్దు దాటితే మాత్రం ఆ మనిషిని వెంటనే తప్పించి, పాత మాత్ర మళ్లీ మొదలుపెట్టాలి.

ఇదంతా డాక్టరమ్మ మైకుకు చెప్పబోయింది. ఉత్తుత్తి మాత్ర దాకా వచ్చేసరికే అతను నవ్వేశాడు.

“మీ మాట మీద పైపాట ఉండదు డాక్టరమ్మా. ఒకటోసారి, రెండోసారి అనకుండానే కొట్టేస్తున్నా. సంతకం ఎక్కడ?”

ఆగు, పూర్తిగా విను అని కూర్చోబెట్టి చెప్పాల్సిన చోటు అది. తలుపు అవతల దగ్గేవాళ్లు దగ్గుతున్నారు. పైగా, అతను అంత తేలిగ్గా ఒప్పుకోవడం ఆవిడకు లోలోపల హాయిగానే ఉంది. ఇంట్లో కూడా చెప్పమని మాత్రం అంది. అతను తలూపాడు కానీ చెప్పలేదు. చెబితే భార్య సవాలక్ష ప్రశ్నలు వేస్తుందని, పరీక్ష మాత్రల సీసా మార్కెట్లోనే దాచుకున్నాడు. ఇంట్లో టీ గ్లాసు పక్కన పెట్టే మాత్రను రోజూ చొక్కా జేబులో వేసుకుని, వెళ్లాక ఒక డబ్బాలో పడేసేవాడు.

ఒక పొద్దున క్లినిక్కులో చూస్తే అతని బీపీ హద్దు దాటి ఉంది. తల దిమ్ముగా ఉందని కూడా అన్నాడు. డాక్టరమ్మ పక్కగదిలోకి వెళ్లి ప్రొఫెసరుగారికి ఫోన్ చేసింది.

“దాటింది పిసరంతేగా. కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూడమ్మా. తొందరపడి మంచి పేషెంటుని వదులుకోకు” అన్నారాయన.

మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టింది. రెండోసారి చూస్తే వెంట్రుకవాసి తగ్గి హద్దు లోపలికి వచ్చింది. ఆ తగ్గిన అంకే రాసుకుని, విశ్రాంతి తీసుకోమని చెప్పి పంపేసింది. ఆ వారం దాటకముందే మైకు వంకాయల ధర సగం నోట్లోనే ఉండగా పెట్టె మీంచి కూలబడ్డాడు.

ప్రాణం దక్కింది. కుడిచెయ్యి, కుడికాలు పోయాయి. మాట పడిపోయింది. ఎదుటివాళ్లు చెప్పేది మొత్తం అర్థమవుతోందని, తిరిగి చెప్పడమే ఇక రాకపోవచ్చని పెద్దాసుపత్రిలో తేల్చారు. మార్కెట్లోని అతని సామాను ఇంటికి తెచ్చినవాళ్లు ఆ డబ్బా కూడా తెచ్చారు. ఎక్కడో దాచిన సీసా మాత్రం ఎవరి కంటా పడలేదు. భార్య మూత తీసి చూస్తే, తను లెక్కగా పెట్టిన మాత్రలన్నీ అందులో ఉన్నాయి.

అటు పరీక్షవాళ్లు వివరం విప్పి చూశారు. మైకుకు వెళ్లింది ఉత్తుత్తి మాత్ర. ప్రొఫెసరుగారి గొంతు తేలికపడింది. కొత్త మందు మీద మచ్చ రాలేదు. ఇక పాత మందు పరీక్ష కోసం మాన్పించారా, అతనే అంతకుముందే మానేశాడా అన్నదొక్కటే మిగిలింది.

“మాత్రలు తనే మానేశాడని వాళ్లావిడే ఆసుపత్రిలో చెప్పిందటగా. అదే రాసెయ్యి. మనం కొత్తగా కల్పించేదేమీ లేదు.”

“మాన్పించింది నేను సార్.”

“తెలిసింది నీకూ అతనికేగా. అతను చెప్పలేడు.”

ఆయన మాటలో కాఠిన్యం లేదు. పాఠం చెప్పేటప్పుడు ఎలా ఉండేదో అలాగే ఉంది. డాక్టరమ్మ ఆ రోజే రాసెయ్యలేదు. రాయనని ఆయనతో అననూ లేదు. రేపు, ఎల్లుండి అంటూ నాన్చింది.

మైకును చూడటానికి వాళ్లింటికి వెళ్లింది. కిటికీ పక్క మంచం మీద దిండ్లకు ఆనించి కూర్చోబెట్టి, భార్య చెంచాతో గంజి పోస్తోంది. ఒక్కో చెంచాకూ ఒక్కో దెప్పు. కళ్ల ఎదుట మాత్ర పెడితే జేబులో వేసుకుంటావా, కట్టుకున్నదాన్ని ఇంత మోసం చేస్తావా, నీకు నేనేం తక్కువ చేశాను అంటూ ఏడుస్తూనే తిడుతోంది. తిడుతూనే మూతి తుడుస్తోంది. అతను ఆ మాటలన్నీ పడుతూ డాక్టరమ్మ వైపు చూశాడు. ఆ చూపులో కోపం కనిపించలేదు. తన తరఫున చెప్పాల్సిన మనిషి వచ్చింది కదా, ఇక చెబుతుందిలే అన్నట్టు ఎదురుచూశాడు. ఆవిడ నాడి చూసి, రెండు మంచి మాటలు చెప్పి, లేచి వచ్చేసింది.

 

మళ్లీ వెళ్లడానికి కాళ్లు రాలేదు. వెళ్లకుండా ఉండటమూ చేతకాలేదు. రెండోసారి వెళ్లినప్పుడు భార్య గుమ్మం దాకా ఎదురొచ్చి ఆవిడ చేతులు పట్టుకుంది.

“మీరింత చూసుకున్నా ఈయన మీ కళ్లలో కూడా దుమ్ము కొట్టాడు. ఆయన తరఫున నేను క్షమాపణ అడుగుతున్నా డాక్టరమ్మా.”

మంచం మీంచి మైకు గొంతులో ఏదో పెనుగులాడింది. ‘అ... అ...’ అని రెండు శబ్దాలు వచ్చి ఆగిపోయాయి.

డాక్టరమ్మ చేతులు విడిపించుకుంది. కూర్చోకుండానే చెప్పింది. పాత మాత్ర మానమన్నది తనేనని, అతను వేసుకున్న మాత్రలో మందే లేదని, బీపీ పెరిగిన రోజు ఆపాల్సింది తను ఆపలేదని, గురువుగారి మెప్పు కోసం మళ్లీ కొలిచి తగ్గిన అంకె రాసుకున్నానని దాచకుండా చెప్పింది. చెప్పేది భార్యకే అయినా అతన్ని చూస్తూ చెప్పింది. అతని ఎడమకంట్లోంచి నీళ్లు కారి దిండులోకి ఇంకాయి.

భార్య అరవలేదు. మంచం దగ్గరికి వెళ్లి కొంగుతో అతని కన్ను తుడిచింది.

“మొన్న వచ్చినప్పుడు విన్నారు కదా, నేను తిట్టడం?” అంది.

“విన్నాను.”

“మందు సంగతి నాకు తెలీదు. పొరపాటున జరిగిందంటే నమ్మేదాన్నేమో. కానీ ఇన్నాళ్లూ ఆయన్ని నాచేత తిట్టించారు. అది మాత్రం పొరపాటు కాదు. వెళ్లండి.”

డాక్టరమ్మ తిన్నగా క్లినిక్కుకు వెళ్లి, మైకు కాగితాల్లో తను రాయకుండా వదిలేసిన అంకె చేర్చి, జరిగింది జరిగినట్టు పరీక్షల మంచిచెడ్డలు చూసే సంఘానికి రాసింది. ప్రొఫెసరుగారు ఫోన్ చేసి తిట్టనైనా తిట్టలేదు. అసలు చెయ్యనే లేదు. విచారణలో ఆయన, మళ్లీ చూడమనడం మామూలు సలహా అని, నిర్ణయం పూర్తిగా స్థానిక డాక్టరుదేనని చెప్పారు. అది అబద్ధమూ కాదు. ఆయన జోలికి ఎవరూ పోలేదు. మిగతా క్లినిక్కుల్లో పరీక్ష ఆగకుండా సాగింది. ఆవిడకు మాత్రం కొంతకాలం వైద్యం చెయ్యకూడదని ఆంక్ష పెట్టారు.

ఆంక్ష తీరి తలుపులు తెరిచాక పాతవాళ్లు కొందరు వచ్చారు. ఏ మాత్ర రాసినా అటూ ఇటూ తిప్పి చూసేవారు. ఇది నిజం మాత్రేనా అని ఒక ముసలాయన నవ్వుతూ అడిగాడు. ఆవిడా నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు. ఇప్పుడు ఏ మందు గురించైనా మొదట్నుంచి చివరిదాకా చెబుతోంది. వినేవాళ్లు మధ్యలోనే గడియారం చూసుకుంటున్నారు.

ఒక మధ్యాహ్నం మైకు భార్య వచ్చింది. బాగా చిక్కిపోయింది. వంతెన అవతల వేరే డాక్టరు దగ్గరికి తీసుకెళుతున్నామని, ఆ డాక్టరు పాత వైద్యం కాగితాలు అడిగారని, కూర్చోకుండానే చెప్పింది. డాక్టరమ్మ బీరువాలోంచి తీసి ఇచ్చింది. ఎలా ఉన్నాడని అడగబోయి మానుకుంది.

భార్య ఆ కట్టను రెండు చేతులా పట్టుకుంది.

“ఇందులో ఉన్నదంతా నిజమేనా?”

“ఇప్పుడు నిజమే.”

ఆమె తలూపి మెట్లు దిగింది. బల్ల మీద కూర్చుని ఉన్నవాళ్లలోంచి ఒకాయన లేచి, ఇక నా వంతా అని అడిగాడు. డాక్టరమ్మ రమ్మంది.