డిటెక్టివ్ వెతుకుతున్న మనిషి

పుస్తకాల షాపు మేడమీద పాఠకుల సమావేశం పెట్టారు. నవలలు రాసే మరిది ఇస్త్రీ చొక్కా వేసుకుని, తన డిటెక్టివ్ తెలివితేటల్ని అందరూ పొగుడుతారని ముందే మొహం వెలిగించుకుని కూర్చున్నాడు. వదిన వెనక వరసలో కూర్చుంది. ఆ నవలలన్నీ అతను గదిలో అటూ ఇటూ నడుస్తూ నోటితో చెప్పినవి, ఆవిడ టైపు చేసినవి. చెప్పింది మళ్ళీ చదివే అలవాటు అతనికి లేదు. "నోరు దాటాక అది నాది కాదు," అంటాడు గొప్పగా. బద్ధకానికి ఎన్ని ముద్దుపేర్లో.

"మా డిటెక్టివ్‌లో మీకు ఏం నచ్చుతుంది?" అని అడిగాడు.

రిటైరైన నర్సు ఒకావిడ లేచింది. "తెలివికేముందండీ, డిటెక్టివులన్నాక అందరూ తెలివైనవాళ్ళే. మీవాడు ఏ ఊరెళ్ళినా, చేతిలో ఏ కేసున్నా, ఏదో ఒక కొట్టు ముందు ఆగి, ఎడమ కనుబొమ్మ మీద గాటున్న మనిషిని చూశారా అని అడుగుతాడు కదా. నేను చదివేది దానికోసం. దొరకడని తెలిసీ అడుగుతాడు. రేపు నేను కనపడకుండా పోతే, నాకూ అలా అడిగేవాడు ఒకడుంటే బాగుండనిపిస్తుంది."

హాలంతా తలలూపింది. అతనెవరు, ఎప్పుడు దొరుకుతాడు అని తలో మాటా అడిగారు. మరిది తెల్లమొహం వేశాడు. ఆ వాక్యం తనెప్పుడూ చెప్పలేదు.

అది వదిన వాక్యం. ఏళ్ళ కిందట సైకిలు బాగుచేయించుకొస్తానని వెళ్ళిన భర్త మళ్ళీ ఇంటికి రాలేదు. పోలీసులు కొన్నాళ్ళు వెతికారు, చుట్టాలు కొన్నాళ్ళు వెతికారు, తర్వాత ఎవరి పనులు వాళ్ళవి. మరిదైతే అన్న మాటెత్తితే చాలు, లేచి వెళ్ళిపోయేవాడు. వెతకడానికి విసుక్కోనివాడు ఆవిడకి ఒక్కడే కనిపించాడు, అదీ కాగితం మీద. వాడికి పని అప్పగించింది. నవలకి ఒక్క వాక్యం, ఎవరి కంటా పడదనుకుంది. ఆ తర్వాత బజారులో ఎవరైనా కొట్టువాడి మీదికి వంగి ఏదో అడుగుతుంటే, తన డిటెక్టివేమోనని ఆవిడ కాళ్ళు ఆగిపోయేవి. ఆ మనిషి ఇటు తిరిగేదాకా కదిలేది కాదు. పిచ్చి అనండి, ఆవిడా అదే అనుకుంది. అయినా మానలేకపోయింది.

ఇంటికొచ్చాక మరిది ఆ వారమంతా తలుపేసుకుని తన నవలలు తనే మొదటిసారి చదువుకున్నాడు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, "రా వదినా, ఈ నవలకి ఆఖరి అధ్యాయం మిగిలింది," అన్నాడు.

ఈసారి అతను నడవలేదు. కిటికీ వైపు తిరిగి నిలబడి చెప్పాడు. డిటెక్టివ్ ఒక ఆస్పత్రి మార్చురీలోకి వెళ్ళాడు. అక్కడి మనిషి శవం మీది గుడ్డ తొలగించాడు. ఎడమ కనుబొమ్మ మీద గాటు.

ఆవిడ వేళ్ళు ఆగిపోయాయి.

"ఆయన్ని చంపేస్తున్నావు," అంది.

"చంపడం కాదు వదినా. అన్నయ్య ఇన్నాళ్ళూ నా మాటల మధ్యే తిరుగుతున్నాడని తెలిశాక నాకు నిద్ర పట్టడం లేదు. నోరు తెరవాలంటే భయమేస్తోంది. ఎన్నాళ్ళని వెతికిస్తాం?"

"దొరకనంతసేపూ ఉన్నట్టే కదా."

"నీకు అలాగ. నాకు ప్రతి పుస్తకంలోనూ మళ్ళీ పోయినట్టుంది."

ఆవిడకి ఒళ్ళు మండింది. లేచి వెళ్ళిపోవచ్చు. టైపు చేసేవాళ్ళు ఊళ్ళో ఇంకెవరైనా దొరుకుతారు. కానీ ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు ఆయన్ని ఆ మార్చురీ బల్లమీద పడుకోబెట్టడం ఆవిడకి ఇష్టం లేకపోయింది.

"సరే, చెప్పు. కానీ అక్కడ వదిలేయకు. ఇంటికి తీసుకురమ్మను."

మరిది తలూపాడు. డిటెక్టివ్ వ్యాను మాట్లాడాడు. వీధి చివర దాన్ని ఆపించి, ముందు తనొక్కడే నడిచాడు. తలుపు తట్టాడు. ఒకావిడ తలుపు తీసింది.

"అప్పుడావిడ ఏమందంటే..." అని మరిది ఆగిపోయాడు. 

వదిన అతనికోసం చూడలేదు. కళ్ళనిండా నీళ్ళే, అయినా వేళ్ళకి అక్షరాల చోటు తెలుసు. టైపు చేసింది.

"ఇన్నేళ్ళూ వెతికింది మీరేనా," అందావిడ. "అలసిపోయుంటారు. లోపలికి రండి."